దీపం కింద నుంచి దిబ్బ మీదికి

ప్రత్తిపాడులో మిరప కల్లాల ఘాటు గాలిలో కలిసి ఊళ్లోకి వచ్చే రోజులు. మా పెద్దమ్మ వసారా మూలన రేకును గుండ్రంగా చుట్టి, లోపల రెండంగుళాల మందాన ఊక పోసి, పైన బల్బు వేలాడదీసింది. దాని కింద ముప్పై వనరాజా పిల్లలు. పెరట్లో పెంచుకోవడానికని హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన రకం అది. వీటికి తల్లికోడి లేదు. ఆ దీపమే తల్లి రెక్క.

కోడిపిల్ల గుడ్డు పగలగొట్టుకుని వచ్చేటప్పుడు తిండి వెంట తెచ్చుకుంటుంది. 21వ రోజున బయటపడేలోపే మిగిలిన పచ్చసొనను పొట్టలోకి లాక్కుంటుంది కాబట్టి, రెండు రోజులు గింజ ముట్టకపోయినా బతుకుతుంది. తెచ్చుకోలేనిది వేడి ఒక్కటే. మొదటి వారం దాని వీపు దగ్గర 35 డిగ్రీలుండాలి, ఆ తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ రావాలి. పెద్దమ్మ దగ్గర థర్మామీటరు లేదు. ప్రతి ఆదివారం బల్బు తీగను బెత్తెడు పైకి లాగి ముడివేస్తుంది. పిల్లలు దీపం కింద ముద్దగా చేరి కీచుమంటుంటే చలి. రేకు గోడకు అతుక్కుని నోళ్లు తెరిచి రొప్పుతుంటే ఉడుకు. ఊకంతా పరుచుకుని పడుకున్నాయంటే ఇక ఆమె కూడా నిశ్చింతగా పడుకోవచ్చు.

నాలుగో వారంలో ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని చూశాను. రెక్కల ఈకలు మొదటి వారంలోనే తొంగిచూశాయి. తోక, భుజాలు, రొమ్ము ఆ తర్వాత. మెడ మీద ఇప్పుడు సూదుల్లాంటి మొలకలు, ఒక్కోదానికీ పల్చటి తొడుగు. పిల్ల ముక్కుతో, కాలిగోటితో గీరుకుంటే ఆ తొడుగు పొట్టులా రాలి, లోపల చుట్టుకుని ఉన్న ఈక విప్పుకుంటుంది. కొన్ని ఈకల కొసన పుట్టినప్పటి నూగు ఇంకా అంటుకునే ఉంది. పాత నూగును కొత్త ఈకే తన కొస మీద మోస్తూ బయటికి నెడుతుందన్నమాట. కాయ పగిలి దూది విచ్చుకోవడం ఏటా చూసే ఊరు మాది. ఇక్కడ మాత్రం దూది ముందు, తొడుగు తర్వాత.

“తల చూడరా, రెక్క చూసి మోసపోకు” అంది పెద్దమ్మ. తలమీద ఈకలు అన్నిటికన్నా చివర వస్తాయి, ఐదారు వారాలకు. మిరప నారు పీకే లెక్క కూడా ఇంచుమించు అదే. నాటబోయే ముందు నీళ్లు తగ్గించి నారును గట్టిపరుస్తారు. పెద్దమ్మ కూడా చివరి వారం పగలు దీపం ఆపేసింది, ఆ తర్వాత రాత్రి కూడా.

మూడేళ్ల కిందట కార్తీకంలో నేను తొందరపడి నాలుగో వారంలోనే పిల్లల్ని గూటికి మార్చాను. ఆ రాత్రి ముసురు పట్టింది. తెల్లారి చూస్తే అన్నీ ఒక మూలన ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. అడుగున ఐదు ఊపిరాడక చచ్చిపోయాయి. చలికి తాళలేక కట్టిన గుంపే వాటిని నలిపేసింది. ఆ ఐదింటినీ నేను మరిచిపోలేదు. అందుకే ఈసారి గూటి మూలల్లో గడ్డి దోపి గుండ్రంగా చేశాం. పొద్దున్నే గంపలో మోసుకెళ్లి వదిలి, ఇదే తమ ఇల్లని తెలిసేదాకా మూడు రోజులు తలుపు తీయలేదు.

నాలుగో పొద్దున తలుపు తీస్తే చాలాసేపు ఒక్కటీ కదల్లేదు. తర్వాత ఒక పుంజుపిల్ల గడప దాటింది. వెనకాలే మిగతావి. ఎండిన నల్లరేగడి పొడిలో పొర్లి రెక్కల్లోకి మట్టి ఎగజిమ్ముకున్నాయి. ఆ స్నానం వాటికి ఎవరూ నేర్పలేదు.

ఆ పుంజుపిల్ల నేరుగా పెద్దమ్మ ఏరిపోసిన తాలుకాయల కుప్ప దగ్గరికి వెళ్లి గింజలు టకటకా పొడుచుకు తింది. పక్కన నిలబడితేనే నాకు దగ్గు, కళ్లమ్మట నీళ్లు. కాస్త వేడి తగ్గితే కీచుమన్న ప్రాణి గుంటూరు కారాన్ని చల్లగా మింగేసింది! ఘాటు మన ఒంటికి మంట కిందే లెక్క. కాలే వేడిని పసిగట్టే ద్వారమే మిరపలోని కాప్సైసిన్ తగిలినా తెరుచుకుంటుంది. 1997లో ఆ ద్వారాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021 నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఆయనా స్వెన్ ఎరిక్ యోర్ట్ కలిసి కోడిలోని అదే ద్వారాన్ని పరీక్షించి 2002లో ఫలితం ప్రకటించారు. వేడికి అది తెరుచుకుంది, కాప్సైసిన్‌కు పలకలేదు. అడవి మిరపకు కావలసిందీ ఇదే. గింజను నమిలేసే ఎలుక దూరంగా పోవాలి, మింగి దూరాన వేసే పిట్ట దగ్గరికి రావాలి. కోడి కందనకాయలో మాత్రం గింజ పిండైపోతుంది.

సందెవేళకు అన్నీ వాటంతటవే గూడు చేరాయి. లెక్కపెడితే ముప్పై. మీ వసారాలోనూ దీపం కింద పిల్లలుంటే కొక్కెర తెగులు టీకా మరవకండి. తలమీద నూగు పోయేదాకా ఆగండి, ముసురు రోజు మాత్రం మార్చకండి.