గొంతు అదే, పాట ఎందుకు పలకలేదు?

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమంటే ముందు చదువు గురించి రాద్దామనుకున్నాను. కానీ ఆ పని మన సార్లు, సీనియర్లు ప్రతి ఏడూ చేస్తూనే ఉన్నారు. అందుకని పాటల గురించి రాస్తున్నాను. తమ్ముళ్ళు ఏమీ అనుకోకండి.

మా బ్యాచ్‌లో ఆళ్ళగడ్డ హాస్టల్లో ఒక పాటల జట్టు ఉండేది. జట్టంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక డప్పు, అన్నం తినే స్టీలు పళ్ళెం మీద చెంచాతో తాళం, వెనక పల్లవి అందుకోవడానికి నలుగురు. ముందు నిలబడి పాడేవాణ్ణి నేను. హాస్టల్ డే నాడు మా పాటకు ఈలలే ఈలలు. ఆ ఈలలన్నీ నా గొంతుకే అనుకున్నాను. తర్వాత నంద్యాలలో డిగ్రీలో చేరి, ఫ్రెషర్స్ డే నాడు అదే పాటను మైకు ముందు ఒక్కణ్ణే పాడాను. రెండో చరణం వచ్చేసరికి వెనక బెంచీలవాళ్ళు కబుర్లలో పడ్డారు. గొంతు అదే, పాట అదే. మరి పోయిందేమిటి? చాలా ఏళ్ళు అర్థం కాలేదు. చివరికి ఒక పెద్ద గాయకుడి కథలో జవాబు లాంటిది దొరికింది. ఆయన కూడా హాస్టల్లో పెరిగినవాడే.

ఆయన పేరు ఫ్రెడ్డీ మెర్క్యురీ. అసలు పేరు ఫరోఖ్ బుల్సారా, పార్సీ కుటుంబం. 1946లో జాంజిబార్ ద్వీపంలో పుట్టాడు. ఎనిమిదేళ్ళ వయసులో తల్లిదండ్రులు ఓడెక్కించి మన దేశానికి, మహారాష్ట్రలోని పంచగనిలో ఒక బోర్డింగ్ స్కూలుకు పంపారు. అది ఫీజు కట్టి చదివే బడి, మనది సర్కారు హాస్టలు. ఆ తేడా ఉంది లెండి. అయినా అమ్మానాన్నలకు సముద్రమంత దూరంలో ఆ వయసు పిల్లవాడు రాత్రిళ్ళు ఎలా పడుకున్నాడో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. అక్కడే 1958లో తోటి పిల్లలతో కలిసి 'హెక్టిక్స్' అనే బృందం పెట్టాడు. అందులో ఆయన పియానో వాయించేవాడు.

తర్వాత కుటుంబం ఇంగ్లండు చేరింది. 1970లో లండన్‌లో 'క్వీన్' బ్యాండ్ మొదలైంది. బ్రయాన్ మే గిటారు, రోజర్ టేలర్ డ్రమ్స్, ఏడాది తర్వాత వచ్చిన జాన్ డీకన్ బేస్ గిటారు. ప్రపంచమంతా ఫ్రెడ్డీ గొంతునే మెచ్చుకుంది. కానీ ఆ బ్యాండ్‌లో నలుగురూ పాటలు కట్టేవారే. పేరున్న పాటల్లో నలుగురివీ ఉన్నాయి. ఒకడు తెచ్చిన పాట మిగతా ముగ్గురి చెవుల్లోంచి పోయి వడకట్టుకొని రావాలి. బాగా లేకపోతే బాగాలేదని మొహం మీద చెప్పేవాళ్ళు, పోట్లాడుకునేవాళ్ళు. మన ఆళ్ళగడ్డ శిల్పశాలల్లోనూ ఇంతే కదా. ఒకరు రాయి కోస్తారు, ఒకరు చెక్కుతారు, ఇంకొకరు నునుపు పెడతారు. విగ్రహం కొన్నవాడికి మాత్రం ఒక్క పేరే గుర్తుంటుంది.

1985 ఏప్రిల్‌లో ఫ్రెడ్డీ సొంతంగా ఒక ఆల్బమ్ తెచ్చాడు, 'మిస్టర్ బ్యాడ్ గై' అని. జర్మనీలోని మ్యూనిక్‌లో రికార్డు చేశారు. మొత్తం 11 పాటలూ ఆయనే కట్టాడు. ఇంగ్లండులో 6వ స్థానం దాకా వెళ్ళింది. అది మరీ తీసిపారేసే సంగతి కాదు. అమెరికాలో మాత్రం 159 దగ్గరే ఆగిపోయింది. క్వీన్ గాయకుడి మీద కంపెనీ పెట్టుకున్న ఆశలకు ఇది చాలా తక్కువ.

కారణం గొంతు కాదు. నేను విన్నాను, గొంతు అద్భుతంగా ఉంది. నాకు లోటుగా తోచింది గొంతు చుట్టూ ఉన్న చోటు. క్వీన్ పాటల్లో బ్రయాన్ మే గిటారు గొంతుకు ఎదురు మాట్లాడుతుంది. ఆ గిటారు ఆయన కుర్రతనంలో తండ్రితో కలిసి ఇంట్లో చేసుకున్నది, దాని మెడకు పాత పొయ్యిగూటి చెక్క వాడారు. అలాంటి ధ్వని అంగట్లో కొంటే దొరకదు. సొంత ఆల్బమ్‌లో ఆ చోటంతా చాలావరకు సింథసైజర్లు, డాన్సు దరువులు నింపాయి. పైగా డబ్బిచ్చి పిలిపించుకున్న వాయిద్యగాళ్ళు పాటగాడితో పోట్లాడరు, చెప్పింది వాయించి వెళ్ళిపోతారు.

ఆ ఆల్బమ్ వచ్చిన మూడు నెలలకే, జూలై 13న, లండన్ వెంబ్లీ స్టేడియంలో ఇథియోపియా కరువు బాధితుల కోసం పెద్ద కచేరీ జరిగింది. దాని పేరు 'లైవ్ ఎయిడ్'. క్వీన్‌కు ఇచ్చిన సమయం ఇరవై నిమిషాల చిల్లర. నలుగురూ కలిసి ఎక్కారు. ఆ ఇరవై నిమిషాల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

అసలు పరీక్ష తర్వాత జరిగింది. ఫ్రెడ్డీ 1991 నవంబరు 24న ఎయిడ్స్‌తో వచ్చిన న్యుమోనియా వల్ల చనిపోయాడు. మిగిలిన ముగ్గురు 'మేడ్ ఇన్ హెవెన్' అనే ఆల్బమ్ తయారు చేస్తూ, ఆ 1985 ఆల్బమ్‌లోంచి రెండు పాటలు తీసుకున్నారు. ఫ్రెడ్డీ పాడిన గొంతును ఉంచుకున్నారు. వెనక వాయిద్యాలు తీసేసి, తాము కొత్తగా వాయించి పెట్టారు. 1995లో విడుదలైన ఆ ఆల్బమ్ ఇంగ్లండులో మొదటి స్థానానికి వెళ్ళింది. చనిపోయిన మనిషి మీద జనానికున్న ప్రేమ కూడా అందులో ఉందనుకోండి, అది కాదనను. కానీ రెండు రూపాలూ పక్కపక్కన పెట్టుకొని వినండి. మొదటిదాంట్లో ఒకాయన బాగా పాడుతున్నాడు. రెండోదాంట్లో నలుగురు ఒక గదిలో ఉన్నట్టుంటుంది.

మన తెలుగులో రమణ గోగుల గారిది కొంచెం ఇలాంటి దారే, ముగింపు వేరు. ఆయన 1990లలో 'మిస్టీ రిథమ్స్' బృందంతో హిందీ పాప్ పాటలు పాడి, 1998లో 'ప్రేమంటే ఇదేరా'తో సినిమాల్లోకి వచ్చారు. 'తమ్ముడు', 'బద్రి' క్యాసెట్లు మా రోజుల్లో టీ కొట్ల దగ్గర అరిగిపోయేదాకా మోగాయి. తర్వాత చాలా ఏళ్ళు వినపడలేదు. మళ్ళీ 2025 సంక్రాంతికి 'గోదారి గట్టు' పాటతో వచ్చారు. గమనించండి, ఆ బాణీ ఆయనది కాదు, భీమ్స్ గారిది. మాటలు భాస్కరభట్ల గారివి. పక్కన మధుప్రియ గొంతు. ఒకప్పుడు తన పాటలకు తానే బాణీ కట్టుకున్న మనిషి ఇంకొకరి దరువులోకి వచ్చి నిలబడ్డారు. జనం వెంటనే గుర్తుపట్టారు.

పోయినసారి పూర్వ విద్యార్థుల కలయికకు ఆళ్ళగడ్డ వచ్చినప్పుడు మా డప్పు తమ్ముడు కనిపించాడు. ఇప్పుడు ఊళ్ళోనే సేద్యం చేసుకుంటున్నాడు. ఈ కథంతా చెప్పి, నంద్యాలలో నా పాట ఎలా పోయిందో కూడా చెప్పాను. వాడు పకపకా నవ్వాడు.

"అన్నా, నువ్వు రెండో చరణం ఎప్పుడూ తొందరపడి ఎత్తుకునేవాడివి. నేను దరువు ఇంకోసారి తిప్పి నిన్ను పట్టి ఆపేవాణ్ణి. ఇన్నేళ్ళూ నీకు తెలీదా?" అన్నాడు.

నాకు తెలీదు.