మీకు తెలుసా? ఒకే పేజీ... మీకొకటి, పక్కింటాయనకొకటి!

ఫోన్‌లో మీరొక షాపింగ్ పేజీ తెరిచారు. పక్కింటాయనా అదే తెరిచాడు. మీకు 'కొనండి' బటన్ నారింజ రంగులో ఉంది, ఆయనకేమో ఆకుపచ్చ! పొరపాటు కాదండీ. మీ ఇద్దరి మీదా పరీక్ష నడుస్తోంది! ఎక్కువమందితో కొనిపించిన పేజీ ఉంటుంది, రెండోది పోతుంది. దీని పేరు ఏ/బీ టెస్ట్. గూగుల్ ఇలాంటి మొదటి పరీక్షను 2000 ఫిబ్రవరి 27నే పెట్టేసింది!

2008 అమెరికా ఎన్నికల కోసం ఒబామా ప్రచారం వాళ్లు నడిపిన వెబ్‌సైట్ సంగతి వినండి. బటన్లు, ఫొటోలు, వీడియోలు కలిపి 24 రకాల పేజీలు తయారుచేశారు. గెలిచేది వీడియోనే అని జట్టంతా ధీమా! గెలిచింది మాత్రం కుటుంబం ఫొటో, దాని కింద 'ఇంకా తెలుసుకోండి' అనే బటన్. పేరు నమోదు చేసుకున్నవాళ్లు ఏకంగా 40 శాతం పెరిగారు!

మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజన్ బింగ్‌లో ఒక ఉద్యోగి ప్రకటనల శీర్షిక చూపే తీరు కాస్త మారుద్దామన్నాడు. ఆరు నెలలకు పైగా ఎవరూ పట్టించుకోలేదు! చివరికి 2012లో ఒక ఇంజనీర్ పరీక్షకు పెట్టాడు. ఒక్క అమెరికాలోనే ఏడాదికి 10 కోట్ల డాలర్లకు పైగా అదనపు రాబడి! (అంతకు కొద్దికాలం ముందుదాకా బింగ్ ఇంజనీరింగ్‌ను నడిపిందెవరో తెలుసా? బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదువుకున్న సత్య నాదెళ్ల!)

ఇప్పుడు అసలు రహస్యం. కొంచెం దగ్గరికి రండి! హైదరాబాద్ శివార్లలోని చెంగిచెర్ల నుంచి ఉప్పల్ మీదుగా హబ్సిగూడ వెళ్తే స్ట్రీట్ నంబర్ 8లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ హైదరాబాద్ కేంద్రం ఉంది. ఆ సంస్థ కలకత్తా ప్రాంగణంలో దశాబ్దాలు పనిచేశాడు మన తెలుగువాడు, ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్. రావు. ఆయన లెక్క మీ పేజీకి ఎలా పనికొస్తుందో చూడండి. మీ పేజీలో ఏడు మార్పులు చేయాలనుకున్నారు. రంగు, ఫొటో, శీర్షిక, ధర ఉండే చోటు... ఒక్కోదానికి రెండేసి రకాలు. మొత్తం ఎన్ని పేజీలవుతాయి? 128! కానీ ఒక మార్పు ఇంకోదానితో మరీ ముడిపడి లేకపోతే ఎనిమిది పేజీలు చాలు! ఆ ఎనిమిదింటినీ ఎలా ఏరుకోవాలో చెప్పే 'ఆర్తోగనల్ అర్రేలు' రావు గారు 1940లలో ఇచ్చిన లెక్క. అప్పటికి వెబ్ పేజీ అనే మాటే లేదు!

ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ప్రకటించింది 2023లో. అప్పటికి ఆయన వయసు 102!

చెంగిచెర్లలో ఒకరు ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్ముతున్నారనుకోండి. పేజీ చూసిన వందమందిలో ఐదుగురు కొంటున్నారు. కొత్త పేజీతో ఆరుగురయ్యారని గట్టిగా చెప్పాలంటే ఒక్కో పేజీని దాదాపు 8 వేలమంది చూడాలి! ఐదు నుంచి ఐదున్నరకు పెరిగిందని తేల్చాలా? సుమారు 31 వేలమంది కావాలి! మెరుగుదల సగమైతే జనం నాలుగింతలు! నిన్న పెట్టి ఇవాళ గెలిచామనేవాళ్లను నమ్మకండి.

తేడా ఏమీ లేని మార్పులు 20 తీసుకోండి. ఒక్కోదాన్నీ విడిగా, మామూలుగా వాడే ఐదు శాతం హద్దుతో పరీక్షించండి. వాటిలో ఒక్కటైనా ఉత్తుత్తి విజేతగా తేలే అవకాశం 64 శాతం! అలాగే, ఎంతమంది చూశాక ఆపాలో ముందే రాసిపెట్టుకోవాలి. రోజూ తొంగిచూసి, నచ్చిన అంకె రాగానే ఆపేస్తే మోసపోయేది మీరే!

ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన శంతను నారాయణ్ నడిపిన అడోబీ 2009లో ఆమ్నిచర్ కంపెనీని కొనేసింది. ఈ పరీక్షల సాధనం కూడా ఆ మూటలోనే వచ్చింది. ధర 180 కోట్ల డాలర్లు!

వెబ్ పేజీలకే అనుకున్నారా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి డబ్బుకు స్మార్ట్ కార్డులు ఇచ్చేటప్పుడు కూడా ఇదే పద్ధతి! ముందు ఎవరికి, తర్వాత ఎవరికి అన్నది లాటరీ వేసి తేల్చారు. మొత్తం 157 మండలాలు! ముందు కార్డులొచ్చిన మండలాల్లో కూలి డబ్బు వెళ్లి తీసుకోవడానికి పట్టే సమయం 22 నిమిషాలు తగ్గింది!