లారీలో చలిరాత్రి: కుంపటి వలని ప్రమాదము

కన్యాకుమారి నుండి శ్రీనగరము వరకు పోవు 44వ నెంబరు జాతీయ రహదారి కర్నూలు, హైదరాబాదు, ఆదిలాబాదుల మీదుగా సాగును. మన లారీలు ఈ దారినే ఉత్తరాదికి సరకులు చేరవేయుచున్నవి. శీతకాలమున జమ్మూ, శ్రీనగరముల నడుమ మంచు కురిసియో, కొండచరియలు విరిగిపడియో దారి మూతపడినపుడు లారీలు రోడ్డు ప్రక్కనే రాత్రి గడపవలసివచ్చును. వేడి ప్రాంతముల నుండి వెళ్లిన డ్రైవరు, క్లీనరు ఆ చలికి తాళలేక క్యాబిన్ తలుపులు బిగించి, లోపల బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట కలదు. చలికంటె ఈ పనియే త్వరగా ప్రాణము తీయును.

ఏలయన, మండుచున్న బొగ్గుల నుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు వెలువడును. దీనికి రంగు లేదు, వాసన లేదు. పొగ లేని నిప్పుల నుండియు ఇది పుట్టును. రక్తములోని హెమోగ్లోబిను ప్రాణవాయువు కంటె దీనిని 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. తలనొప్పి, తలతిరుగుడు, వికారము, నీరసము తొలి గుర్తులు. నిద్రించువానికి ఇవి తెలియవు; మేల్కొనకయే మరణించవచ్చును. అద్దము కొంచెము దించినంత మాత్రమున కుంపటి నిరపాయకరము కాదు. కాశ్మీరులో వాడు కాంగ్రీ అను నిప్పుల కుండను, గ్యాసు పొయ్యిని కూడ క్యాబిన్‌లో ఉంచుకొని నిద్రించరాదు.

ఇంజను నడుచుచుండగా నిద్రించుటయు ఇట్టిదే. సైలెన్సరు గొట్టమునకు మంచు అడ్డుపడినచో విషవాయువు లోనికి రావచ్చును. మంచులో చిక్కుపడి ఇంజను వేడి తప్పనిసరియైనపుడు, ముందుగా గొట్టము చుట్టునున్న మంచును తొలగించి, ఒక అద్దము కొంచెము దించి, గంటకు 10 నిమిషములు మాత్రము నడపవలెను. ఆ సమయమున ఇద్దరును మేల్కొని యుండవలెను.

శరీరము తనంతట వేడిని పుట్టించుకొనును. దానిని పోనీయకుండుటయే మన పని. తడిసిన బట్టలు వెంటనే మార్చవలెను. ఒక మందమైన కోటుకంటె రెండు మూడు పొరల దుస్తులు మేలు. తల, చెవులు, పాదములు ఉన్నితో కప్పవలెను. పడక క్రింద అట్టలు గాని కంబళి గాని పరచి, అద్దములకు లోపలి నుండి దుప్పటి కట్టవలెను. నిద్రకు ముందు భోజనము చేసి వేడి టీ త్రాగవచ్చును. సారాయి త్రాగరాదు, అది చర్మమునకు వెచ్చదనము తోపించి, లోపలి వేడిని బయటికి పంపివేయును. ఈ కంబళ్లు, ఉన్ని దుస్తులు లారీ బయలుదేరునపుడే ఉన్నవా యని యజమానియు చూడవలెను.

క్యాబిన్‌లో ఎవరైన స్పృహ తప్పియున్నచో రెండు తలుపులును తెరచి, ఇంజను ఆపి, వారిని వెలుపలి గాలిలోనికి తెచ్చి, 112కు ఫోను చేయవలెను. వణకుచుండిన మనిషి వేడెక్కకయే వణకు మాని, మాట తడబడుచున్నచో చలి మితిమీరినదని గ్రహించి, పొడి కంబళ్లతో కప్పి ఆసుపత్రికి చేర్చవలెను. చేతులు, కాళ్లు గట్టిగా రుద్దరాదు.

కంబళి లోపల, కుంపటి వెలుపల: చలిరాత్రి లారీలో పాటింపవలసిన నియమ మిదియే.