తలకట్టు తాకినచో...

తలకట్టు అంటినచో వ, ఎడమైనచో ప. ఈ భేదమును ఒకటవ తరగతి పిల్లలకే ఉపాధ్యాయులు నేర్పుదురు. పలకపై ఆ ఎడమును ఎంత పెద్దదిగానైనను చూపవచ్చును. రశీదుపై చిన్న అక్షరములలో సిరా అలుకుకొన్నప్పుడు మొట్టమొదట మాయమగునది ఆ ఎడమే. పాల లెక్కలో 'పాలు' 'వాలు' అయినచో చదువరి నవ్వుకొని సరిదిద్దుకొనును. మనిషి పేరులో చుక్క చెదరి థ కాస్త ధ అయినచో బ్యాంకువారు నవ్వరు. కాగితమును త్రిప్పి పంపుదురు.

కన్నడ సీమ అంచుననున్న బైరెడ్డిపల్లె వంటి చోట తెలుగు పత్రము తెలుగువారి చేతిలోనే నిలువదు. కోలారు వైపు వర్తకుడు కన్నడ లిపి అలవాటుతో దానిని కూడబలుకుకొనును. రెండు లిపులును ఒక తల్లి బిడ్డలే గనుక అక్షరము నిండుగా, సాదాగా నున్నచో అతనికి పని జరుగును. వంకరలు పోయినచో జరుగదు.

అచ్చు అక్షరముల తీరునకు 'ఖతి' యను చక్కని మాట మనకు గలదు. జనుల నోట మాత్రము ఫాంటే. సిలికానాంధ్ర చొరవతో వెలువడిన ఉచిత ఖతులలో కొన్నింటికి అష్టదిగ్గజముల పేర్లు పెట్టిరి. ధూర్జటి శుభలేఖకు శోభ; దరఖాస్తునకు తగదు. రామభద్ర శీర్షికకు చాలును. లోపలి వాక్యములకు మండలి గాని, నోటో సాన్స్ తెలుగు గాని మేలు.

ఖతి మంచిదైనను వరుసల ఎడము చాలకున్న ప్రయోజనము లేదు. ఇంగ్లీషు ఉత్తరపు కొలతలనే తెలుగునకు తగిలించుట మన కార్యాలయములలో పాత జాడ్యము. 'రాష్ట్రము' అను మాటలో ష క్రింద రెండు వత్తులు దిగవలెను. చోటు లేనప్పుడు అవి క్రింది వరుస గుడులపై కూలబడును.

కంటికి కనబడని చిక్కు వేరొకటి కలదు. 1991 నాటి యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగునకు 128 స్థానములు లభించినవి. పాత డీటీపీ ఖతులు ఆ స్థానములను వాడక, రోమను అక్షరముల సంకేతములపై తెలుగు బొమ్మలను తొడిగినవి. కాగితముపై అంతయు సొంపే. ఆ ఖతి లేని యంత్రములో తెరచినచో రోమను అక్షరముల గజిబిజి. ఈమెయిలులో పంపు పత్రమునకు యూనికోడ్ ఖతి తప్పనిసరి.

ఎన్నుకొనుటకు ముందు విద్యార్థులు సైతము చేయదగిన పరీక్ష యొకటి గలదు. ప, వ, థ, ధ, మ, వు, 3, 8, రాష్ట్రము — వీనిని ఒక వరుసలో అచ్చువేసి, నకలు తీసి, ఆ నకలునకు మరల నకలు తీయవలెను. రెండవ నకలులో ఏవి కలిసిపోయినవో చూచి ఖతినో, అక్షరపు పరిమాణమునో మార్చుకొనవచ్చును.