కొండ దిగని పేర్లు

2025 జూన్ 30న పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగాక పటాన్‌చెరు ఏరియా ఆస్పత్రి దగ్గర రోజుల తరబడి జనం కూర్చున్నారు. ఎక్కడెక్కడి నుంచో రైళ్లెక్కి వచ్చిన తండ్రులు, అన్నదమ్ములు, భార్యలు. డీఎన్‌ఏ పరీక్షకు రక్తం ఇచ్చి కబురు కోసం ఎదురుచూశారు. 54 మందిని మింగిన ఆ ప్రమాదంలో ఎనిమిది మంది దేహాలు దొరకనే లేదు. మనిషి పోయాడని తెలిశాక ఇంకా ఎందుకు కూర్చున్నారని వాళ్లను మన వైపు ఎవరూ అడగలేదు. ఎందుకో అందరికీ తెలుసు.

కొండలెక్కేవాళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ ప్రశ్న అడుగుతాం. చనిపోయినవాడి కోసం బతికున్నవాళ్లు మంచులోకి మళ్లీ ఎందుకెళ్తారు? ఇంకోసారి, పక్కనే నడిచిన మనిషిని అక్కడే వదిలి ఎలా దిగొస్తారు? ఈ రెండు పనులూ చేసేది ఒకే మనుషులు. అది ఎలాగో అర్థం కావాలంటే మన నెల్లూరు జిల్లా కుర్రాడి కథతో మొదలుపెట్టాలి.

మల్లి మస్తాన్‌బాబుది సంగం దగ్గర గాంధీజనసంగం అనే పల్లె. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం దాటి, చివరికి కొండల దారి పట్టాడు. 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కి రికార్డు సృష్టించాడు. జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్‌తో మొదలై జూలై 10న అలాస్కాలో డెనాలీతో ముగిసింది. క్యాలెండర్ తీసి ఆ ఏడు తేదీలూ చూడండి: గురువారం, శుక్రవారం, బుధవారం, శనివారం, ఆదివారం, మంగళవారం, సోమవారం. వారంలో ఒక్క రోజూ మిగల్లేదు. ఎవరెస్టు వాటాకు వచ్చింది మే 21, ఆదివారం.

2015 మార్చి 24 తర్వాత అతని జాడ తెలియలేదు. అర్జెంటీనా, చిలీ సరిహద్దులో 6,748 మీటర్ల ట్రెస్ క్రూసెస్ సుర్ మీదికి ఒంటరిగా వెళ్లాడు. వాతావరణం చెడిపోయింది. ఇక్కడ అతని క్లాస్‌మేట్లు, స్నేహితులు ప్రభుత్వాల తలుపులు తట్టారు. అక్కడ రెండు దేశాల గాలింపు బృందాలు, ఆ కొండలు తెలిసిన ఆరోహకులు వెతికారు. ఏప్రిల్ మొదటి వారంలో దేహం కనిపించింది. కొండ దించి, కాగితాలు పూర్తిచేసి, సముద్రాలు దాటించి సొంత ఊరికి చేర్చేసరికి ఏప్రిల్ చివరి వారం వచ్చింది. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఆ తల్లికి కొడుకు కడసారి చూపు దక్కింది. కొండల్లో పోయినవాళ్ల ఇళ్లలో అది అందరికీ దక్కేది కాదు.

ఎందుకు దక్కదంటే, అంతా ఎత్తును బట్టే ఉంటుంది. ఎనిమిది వేల మీటర్ల పైన, మనం ఇక్కడ పీల్చే గాలిలో అందే ఆక్సిజన్‌లో మూడో వంతు మాత్రమే దొరుకుతుంది. ఒక అడుగు వేసి నాలుగైదు సార్లు ఊపిరి తీసుకోవాలి. తన ఒళ్లు తను మోసుకురావడమే గగనం. గడ్డకట్టి మంచుకు అతుక్కుపోయిన దేహం, బతికున్నప్పటి కంటే చాలా బరువెక్కుతుంది. దాన్ని గొడ్డలితో తవ్వి తీసి, తాళ్లతో దించాలి, దానికి చాలామంది కావాలి. గాలి పలచబడ్డాక హెలికాప్టర్ రెక్కలకు పట్టు దొరకదు కాబట్టి అంత పైకి అది సాధారణంగా రాదు. అందుకే ఎవరెస్టు మీద ఇప్పటికి 300 మందికి పైగా చనిపోతే, అందులో దాదాపు 200 మంది అక్కడే ఉన్నారని అంచనా. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఆ శిఖరం ఎక్కిన నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ, దారిలో శవాలను చూశానని తర్వాత చెప్పింది. ఆ వయసులో ఆ చూపు ఎంత బరువో నేను ఊహించలేను.

ఆరోహకులు మనసు రాయి చేసుకుని వదిలేయరు. మోసే ప్రయత్నంలో మరో ఇద్దరు పోతే ఏడ్చే ఇళ్లు మూడవుతాయి, ఈ లెక్క వాళ్లందరికీ తెలుసు. వీలైనచోట దేహాన్ని దారి పక్కకు జరిపి రాళ్లో మంచో కప్పుతారు. మన దగ్గరా దేహం దొరకనివారికి దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే ఆచారం ఉంది. చేతులకు చేయడానికి ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే దుఃఖం నిలబడనివ్వదు.

కొండల్లో ఆ పని రాళ్లతో జరుగుతుంది. ఎవరెస్టు బేస్ క్యాంప్ దారిలో తుక్లా కనుమ దగ్గర వరసగా రాతి గూళ్లు కనిపిస్తాయి. వాటి మీద రంగురంగుల జెండాలు గాలికి రెపరెపలాడుతుంటాయి. 2001లో పోయిన బాబు ఛిరి షెర్పా గుర్తు అక్కడే ఉంది. పైకి వెళ్లేవాళ్లు అక్కడ బరువు దించి కాసేపు నిలబడతారు. పాకిస్తాన్ వైపు కే2 కింద ఇంకొకటి ఉంది. 1953లో అమెరికన్ బృందంలోని ఆర్ట్ గిల్కీకి పైన కాలిలో రక్తం గడ్డకట్టింది. తోటివాళ్లు అతన్ని వదల్లేదు. స్లీపింగ్ బ్యాగులో చుట్టి తాళ్లతో దించుతుండగా అతను మంచుచరియ దారిలో కనిపించకుండా పోయాడు. బతికొచ్చినవాళ్లు కింద రాళ్ల గుట్ట పేర్చారు. అప్పటినుంచి కే2 మీద పోయినవాళ్ల పేర్లు ఆ గుట్టకే చేరుతున్నాయి. క్యాంపులో అన్నం తిన్న కంచాన్నే తీసుకుని, మేకుతో చుక్క పక్కన చుక్క పొడిచి, పేరు రాసి అక్కడ బిగిస్తారు. దగ్గరగా చూస్తే అక్షరాలు వంకర్లు పోయి ఉంటాయి. చలికి వేళ్లు వణుకుతూ కొట్టిన దెబ్బలవి. గిల్కీ అవశేషాలు నలభై ఏళ్లకు, 1993లో, హిమానీనదం కింద బయటపడ్డాయి. మంచు కూడా నదిలాగే పారుతుంది, కాకపోతే ఏళ్ల తరబడి.

గుర్తు పెట్టుకోవడం ఏడుపుతో ఆగదు. 1985 అక్టోబరులో ఎవరెస్టు మీద మన సైనిక బృందంలో ఐదుగురు చనిపోయారు. వారిలో లెఫ్టినెంట్ ఎం. ఉదయ భాస్కరరావు కోరుకొండ సైనిక్ స్కూల్ పూర్వ విద్యార్థి. బడిలో ఆయన విగ్రహం పెట్టారు. ఆ విగ్రహాన్ని చూస్తూ పెరిగిన పిల్లల్లో మస్తాన్‌బాబు ఒకడు, కొండల మీద ఆశ పుట్టింది అక్కడే. మరణించినవాడి బొమ్మ చూసి ఒక పిల్లవాడు అదే దారి పట్టడం మంచిదా అని తల్లిదండ్రులు అడగవచ్చు, అడగాలి కూడా. నాకు మాత్రం ఆ విగ్రహం చావును పొగుడుతున్నట్టు అనిపించదు. మన బడి నుంచి ఒకడు అంత ఎత్తుకు వెళ్లాడని పిల్లలకు చెబుతుంది, అంతే.

ఒక తేడా మరచిపోకూడదు. కొండెక్కినవాడు ప్రమాదం తెలిసి, తనే ఎంచుకుని వెళ్లాడు. ఫ్యాక్టరీలో షిఫ్టుకు వెళ్లినవాడు కూలి కోసం వెళ్లాడు, సాయంత్రం ఇంటికి వస్తాననే వెళ్లాడు. ఈ రెండు చావుల్నీ ఒకే తక్కెడలో తూచడం అన్యాయం. కానీ పేరు చెక్కే చేతులు రెండింటికీ ఒకటే. పాశమైలారంలో కూడా ఆ 54 పేర్లు ఒకేచోట, తెలుగులో, హిందీలో, ఒడియాలో, ఎవరి అక్షరాల్లో వాళ్లవి, పొద్దున డ్యూటీకి వెళ్లేవాళ్లు ఆగి చదవగలిగేంత పెద్దగా చెక్కి ఉండాలని నా కోరిక. దేహాలు దొరకని ఆ ఎనిమిది పేర్లు అందులో అందరికంటే ముందుండాలి.