కొట్టడం కాదు... ఆపడమే సాము!

దసరా ఊరేగింపులోనో, పీర్ల పండుగకో, సంక్రాంతి సంబరాల్లోనో కర్రసాము చూసే ఉంటారు. చప్పట్లు కొట్టి, కాసేపటి వినోదం అనుకుని ఇంటికి వచ్చేసే ఉంటారు. కానీ గిర్రున తిరిగే ఆ కర్ర వెనుక ఓ పెద్ద చదువే ఉంది. అందులో మొదటి పాఠం... ఎదుటివాణ్ని కొట్టకుండా ఉండటం!

ఉదయం అయిదున్నర. గోదావరి జిల్లాలోని ఓ ఊళ్లో, రామాలయం వెనుక ఖాళీ స్థలం. 'ఝుమ్...ఝుమ్' మంటూ తుమ్మెదలు ఎగురుతున్నట్టు శబ్దం. దగ్గరికెళ్తే అయిదుగురు పిల్లలు, అయిదు కర్రలు. వాళ్లలో పదకొండేళ్ల పాప ఎదుట డెబ్భై ఏళ్ల వస్తాదు నిలబడ్డారు. ఆయన చేతిలోని కర్ర గాల్లో ఓ చుట్టు తిరిగి సరాసరి పాప నడినెత్తి మీదికి దిగింది. గుండె ఆగినంత పనైంది! కర్ర మాత్రం జానెడు దూరంలో ఆగిపోయింది. పాప కనీసం రెప్ప కూడా వేయలేదు.

కొట్టడం ఎవడైనా కొడతాడు, అక్కడ ఆపగలిగినవాడే సాము నేర్చినట్టు... ఇదీ ఆ వస్తాదు చెప్పే సూత్రం.

ఇదేమంత కష్టమని నేనూ ఓ కర్ర అందుకున్నా. రెండో చుట్టుకే అది నా చీలమండను ముద్దాడింది. పిల్లలు నవ్వాపుకోలేదు. కారణం తర్వాత తెలిసింది. చెయ్యి కదిలేది బెత్తెడే అయినా, అంత పొడవున్న కర్ర కొస బారెడు దూరం పోతుంది. అందుకే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. అందుకే అదుపు లేకపోతే మొదటి దెబ్బ మనకే!

చట్టం దృష్టిలో ఇంటి సామానే

కత్తికి కమ్మరి కావాలి, డబ్బు కావాలి. కర్రకు వెదురు పొద ఉంటే చాలు. పశువుల కాపరికి, పొలం కాపలాదారుకు, బాటసారికి అదే తోడు. 1878లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చి తుపాకులకూ కత్తులకూ ఆంక్షలు పెట్టింది. రైతు చేతిలో కర్ర మాత్రం మిగిలింది. ఇప్పుడు అమల్లో ఉన్న 1959 నాటి ఆయుధాల చట్టం కూడా ఇంటి పనికీ వ్యవసాయానికీ వాడే లాఠీ, మామూలు చేతికర్ర ఆయుధాల లెక్కలోకి రావని నిర్వచనంలోనే చెప్పింది. అయితే దాంతో ఎవరినైనా కొడితే నేరం నేరమే. అంటే కర్ర ఆయుధం అవుతుందా, చేతికర్రగానే ఉంటుందా అన్నది పట్టుకున్నవాడి బుద్ధిని బట్టే!

ముందు ఒళ్లు... తర్వాతే కర్ర

'నేల విడిచి సాము' అని ఊరికే అనలేదు పెద్దలు. కర్రసాములో సగం పని కాళ్లదే. అడుగు ఎటు పడాలి, బరువు ఏ కాలి మీద ఉండాలి, ఎప్పుడు వెనక్కి జరగాలి... ఇవి వచ్చాకే మణికట్టు తిప్పడం. ఒంటి ముందు ఎనిమిది అంకె రాసినట్టు కర్రను కుడికీ ఎడమకూ తిప్పడం, చేతులు మార్చడం, తల మీదుగా తీయడం ఆ తర్వాత. జోడీగా కర్రకు కర్ర తగిలించడం చిట్టచివర.

కేరళ కలరిపయట్టులోనూ ఇదే వరస. మొదటి దశ మెయ్‌తారి, అంటే ఒంటిని వంచే సాధన. రెండోది కోల్‌తారి, కర్రలతో. కత్తి, డాలు, బల్లెం వంటి లోహపు ఆయుధాలు మూడో దశ అంకతారిలోగానీ చేతికి రావు. ఏడేళ్ల వయసులో ఈ విద్య మొదలుపెట్టిన వడకర వాసి మీనాక్షి అమ్మకు 2017లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికి ఆమెకు డెబ్భై దాటాయి. చీర కట్టుతోనే కర్ర తిప్పే ఆ పెద్దావిడను చూశాక 'ఆడపిల్లకు కర్రెందుకు' అని ఎవరైనా అనగలరా?

గోదాలు ఏమయ్యాయి?

మన దగ్గరా ఒకప్పుడు ఊరూరా తాలింఖానాలు ఉండేవి. కుస్తీ, దండేలు, బస్కీలు, కర్రసాము, కత్తిసాము... అన్నీ అక్కడే. కలియుగ భీముడిగా పేరు తెచ్చుకున్న కోడి రామ్మూర్తి నాయుడు (1882-1942) విజయనగరం వ్యాయామశాలలో సాధన చేసినవారే. అమలాపురంలో దసరాకు చెడీ తాలింఖానా ఇప్పటికీ ఘనంగా జరుగుతుంది. కళ్లకు గంతలు కట్టుకుని, మనిషి ఒంటి మీద పెట్టిన కూరగాయల్ని కత్తితో నరుకుతుంటే చూసేవాళ్లకు చెమటలు పడతాయి. అక్కడా అసలు విద్య నరకడం కాదు, చర్మం దగ్గర ఆపడం.

అదే దసరా రాత్రి కర్నూలు జిల్లా దేవరగట్టులో మరో దృశ్యం. మాళ మల్లేశ్వర స్వామి ఉత్సవ మూర్తుల కోసం చుట్టుపక్కల గ్రామాలవారు రెండు వర్గాలుగా కర్రలతో తలపడే బన్ని ఉత్సవం. భక్తులకు అది మొక్కు, ఆచారం. కాదనలేం. కానీ చీకట్లో, కాగడాల వెలుగులో, వేల మంది తోపులాటలో కర్ర తనవాళ్లను గుర్తుపట్టదు. ఏటా పదుల సంఖ్యలో తలలు పగులుతున్నాయి. ప్రాణాలు పోయిన సంవత్సరాలూ ఉన్నాయి. పోలీసుల బందోబస్తు, వైద్య శిబిరాలు ఎన్ని పెట్టినా గాయాలు ఆగడం లేదు. అదే వెదురు, అదే పండుగ. ఒకచోట జానెడు దూరంలో ఆగుతుంది, మరోచోట ఆగదు. వస్తాదు చెప్పే పాఠం విలువ అక్కడ తెలుస్తుంది.

పొరుగువారు నిలబెట్టుకున్నారు

పంజాబ్ గత్కా, మణిపూర్ థాంగ్-టా, కేరళ కలరిపయట్టు 2022 జూన్‌లో హరియాణాలో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడల్లో పోటీ ఆటలయ్యాయి. 2024 జనవరిలో తమిళనాడులో జరిగిన క్రీడల్లో వారి కర్రసాము 'సిలంబం' ప్రదర్శన క్రీడగా వేదికెక్కింది. వీటన్నిటికీ నియమాలున్నాయి, మార్కులున్నాయి. మన కర్రసాము మాత్రం ఊరేగింపు ముందు నడిచే సందడిగానే మిగిలిపోతోంది. వస్తాదు దగ్గర ఒకప్పుడు నలభై మంది నేర్చుకునేవారట. ఇప్పుడు అయిదుగురే. తన తర్వాత ఎవరు చెబుతారన్నదే ఆయన బెంగ.

నేర్చుకోవాలనుకుంటే...

* కర్ర మీ నుదురు ఎత్తుకు ఉంటే సరిపోతుంది. చిన్న పిల్లలకు తేలికైనది ఇవ్వాలి. చీలికలు, బీటలు ఉన్నది వద్దు.
* మొదట్లో చుట్టూ రెండు కర్రల దూరం ఖాళీ ఉండాలి. ఇంట్లో, ఫ్యాను కింద అసలొద్దు.
* ఎదురెదురుగా సాధన చేసేటప్పుడు తలకూ చేతివేళ్లకూ రక్షణ తప్పనిసరి.
* భుజం, మణికట్టు, నడుము నొప్పులున్నవారు వైద్యుణ్ని అడిగాకే మొదలుపెట్టాలి.
* వీడియోలు చూసి తిప్పడం వరకూ రావచ్చు. ఆపడం మాత్రం గురువు ఎదుటే వస్తుంది.

ఏడున్నరకు సాధన ముగిసింది. పిల్లలు కర్రల్ని కళ్లకద్దుకుని గోడకు ఆనించారు. పాప తల్లి గుడి మెట్ల మీద కూర్చుని ఉంది. మొదటిరోజు కూతుర్ని చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కెళ్లడానికి వచ్చిందట ఆవిడ. ఇప్పుడు రోజూ తనే తీసుకొస్తోంది. వెళ్తూ వెళ్తూ, ఎవరూ చూడటం లేదనుకుందేమో... గోడకున్న కర్రల్లో పొడవైనదాన్ని తీసి తన నుదుటికి సరిపోతుందో లేదో కొలుచుకుంది.

వస్తాదు చూడనే చూశారు. రేపట్నుంచి ఆరో కర్ర!