గ్రూపు ఫుల్లు, క్లబ్బు నిల్లు: హామ్ రేడియో క్లబ్బులకు జనం ఎందుకు రావట్లేదు?

ఈ ఎపిసోడ్‌లో హాబీ క్లబ్బుల గురించి మాట్లాడుకుందాం. స్టాంపుల క్లబ్బు కానివ్వండి, ఫోటోగ్రఫీ క్లబ్బు కానివ్వండి, చెస్ క్లబ్బు కానివ్వండి, పెద్దవాళ్లని కదిపితే ఒకటే మాట వినిపిస్తుంది: "ఇదివరకు కుర్చీలు చాలేవి కావు, ఇప్పుడు కోరం కూడా రావట్లేదు." అన్నిటి గురించీ ఒకేసారి చెప్పబోతే ఏదీ సరిగ్గా చెప్పలేం. అందుకని నాకు బాగా తెలిసిన ఒక్క హాబీని తీసుకుంటాను. అదే హామ్ రేడియో.

తెలియనివాళ్ల కోసం ముందుగా రెండు ముక్కలు. ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై, లైసెన్స్ తీసుకుని, ఇంట్లోనే సొంత వైర్‌లెస్ స్టేషన్ పెట్టుకుని, అలాంటి లైసెన్స్ ఉన్న ఇతరులతో మాట్లాడటమే హామ్ రేడియో. దీనిమీద వ్యాపారం చెయ్యకూడదు. పన్నెండేళ్లు నిండినవాళ్లు పరీక్ష రాయొచ్చు. ఒక్కొక్కరికీ ఒక కాల్ సైన్ ఇస్తారు. మన దేశంలో చాలావరకు అవి వీయూ2, వీయూ3 అని మొదలవుతాయి. ఈ హాబీకి మన హైదరాబాద్ పెద్ద కేంద్రం, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉన్నది ఇక్కడే. హామ్‌ల కోసమే ఇస్రో తయారుచేసిన హామ్‌శాట్ ఉపగ్రహం 2005 మే 5న మన శ్రీహరికోట నుంచే పైకి వెళ్లింది.

ఇప్పుడు మీకో సందేహం రావాలి. ఇది ఎక్కడో దూరాన ఉన్న మనిషితో ఇంట్లో కూర్చుని మాట్లాడే హాబీ కదా, మరి దీనికి క్లబ్బు ఎందుకు? మంచి ప్రశ్న. ఆ రోజుల్లో క్లబ్బుకి వెళ్లడానికి నాలుగు అవసరాలు ఉండేవి.

మొదటిది మోర్స్ కోడ్. చుక్క, గీత శబ్దాలతో అక్షరాలు పంపడం, విని రాసుకోవడం. ఇది పుస్తకం చూసి వచ్చే విద్య కాదు. ఎదురుగా ఒకరు కీ కొడుతుంటే చెవి అలవాటు పడాలి. రెండోది పరికరాలు. రేడియో సెట్టు కొనే స్తోమత చాలామందికి ఉండేది కాదు, విడిభాగాలు తెచ్చుకుని సోల్డరింగ్ చేసి సొంతంగా తయారుచేసుకునేవాళ్లు. ఎక్కడైనా తేడా వస్తే చూసిపెట్టే సీనియర్ క్లబ్బులోనే దొరికేవాడు. మూడోది క్యూఎస్ఎల్ కార్డులు. ఫలానా రోజు ఫలానా టైముకి మనం మాట్లాడుకున్నాం అని ధ్రువీకరిస్తూ ఒకరికొకరు పంపుకునే కార్డులివి. విదేశాల నుంచి కట్టలుగా వస్తే క్లబ్బులో పంచేవాళ్లు. నాలుగోది సమాచారం. పరీక్ష ఎప్పుడు, ఏ పుస్తకం చదవాలి, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలి అన్నీ నోటిమాట మీదే నడిచేవి.

ఈ నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి ఇంటికే వచ్చేశాయి. 2003లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సదస్సు మోర్స్‌ని తప్పనిసరి చెయ్యక్కర్లేదంది. మన దగ్గర కూడా మోర్స్ లేకుండా రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ తీసుకోవచ్చు. చేతిలో పట్టేంత చైనా హ్యాండ్‌సెట్లు చవగ్గా వచ్చాయి. అదే 2003లో అమెరికా హామ్‌ల సంఘం లాగ్‌బుక్ ఆఫ్ ది వరల్డ్ అనే ఆన్‌లైన్ పద్ధతి పెట్టాక, కార్డు కోసం నెలలు ఎదురుచూసే పని తగ్గింది. ఇక సమాచారం సంగతి చెప్పక్కర్లేదు, వాట్సాప్ ఉంది, యూట్యూబ్ ఉంది. 2017లో ఎఫ్‌టీ8 అనే పద్ధతి వచ్చింది. దాన్ని తయారుచేసిన ఇద్దరిలో ఒకరు ఫిజిక్స్‌లో నోబెల్ అందుకున్న జో టేలర్. ఇందులో మనిషి నోరు విప్పక్కర్లేదు. రెండు కంప్యూటర్లు 15 సెకన్ల వంతులు వేసుకుని, చెవికి అందనంత బలహీనమైన సిగ్నల్ మీద కూడా కాల్ సైన్లు మార్చుకుంటాయి.

నేను వీటిలో దేన్నీ తప్పుపట్టను. నేనూ వాడతాను. కాకపోతే ఫలితం ఒకటుంది. నేను వెళ్లే క్లబ్బు గ్రూపులో ఏదైనా ప్రశ్న అడిగితే పది నిమిషాల్లో డజను జవాబులు వస్తాయి. ఆదివారం మీటింగ్‌కి మాత్రం ఆ డజను మంది రారు. అంటే హాబీ పోలేదు, కలవడం పోయింది. ఈ తేడాని అమెరికాలో రాబర్ట్ పుట్నం అనే ప్రొఫెసర్ 1995లో చూపించారు. 1980 నుంచి 1993 మధ్య అక్కడ బౌలింగ్ ఆడేవాళ్లు 10 శాతం పెరిగారు, జట్లుగా ఏర్పడి లీగుల్లో ఆడటం మాత్రం 40 శాతం తగ్గింది. ఆట ఆగలేదు, జట్టు విడిపోయింది.

"అయితే నష్టమేంటి, ఎవరింట్లో వాళ్లు ఆనందంగానే ఉన్నారు కదా" అనొచ్చు మీరు. మిగతా హాబీల్లో ఏమోగానీ, ఇక్కడ నష్టం ఉంది. అది తుఫాను వచ్చిన రోజున తెలుస్తుంది.

2004 డిసెంబర్‌లో భారతి ప్రసాద్ గారి బృందం ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటానికి అండమాన్ వెళ్లింది. వీయూ4ఆర్‌బీఐ అనే కాల్ సైన్‌తో పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రసారాలు సాగుతుండగా, 26న సునామీ వచ్చింది. హాబీ కోసం పెట్టిన ఆ స్టేషనే అప్పుడు కబురు మోసే స్టేషన్ అయింది. ఎవరు క్షేమం, ఎవరికి ఏం కావాలి అన్న సందేశాలు దాని ద్వారా బయటికి వెళ్లాయి. పరికరాలతో పాటు, కలిసి పనిచెయ్యడం అలవాటున్న మనుషులు అక్కడ ఉన్నారు కాబట్టి అది సాధ్యమైంది.

ఇది ఎందుకంత ముఖ్యమో చెప్తాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటప్పుడు చేతి హ్యాండ్‌సెట్ ఒక్కటే చాలదు. దాని సిగ్నల్ దాదాపు కంటిచూపు దూరమే పోతుంది. అంతకు మించి పోవాలంటే కొండమీదో మేడమీదో రిపీటర్ ఉండాలి, దానికి కరెంటు ఉండాలి. జిల్లా దాటి మాట్లాడాలంటే 7 మెగాహెర్ట్జ్ లాంటి బ్యాండ్ కావాలి. ఆ తరంగం పైన అయనోస్ఫియర్‌ని తాకి వంగి కొన్ని వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. దానికి సుమారు 20 మీటర్ల తీగతో యాంటెన్నా కట్టాలి. గాలివానలో ఒక్కడివల్ల అయ్యే పని కాదది. తీరా కట్టాక కూడా అందరూ ఒకేసారి మాట్లాడితే ఏదీ వినపడదు. ఒకరు నెట్ కంట్రోల్‌గా ఉండి వంతులు ఇవ్వాలి, సందేశాన్ని పొల్లు పోకుండా రాసుకుని ముందుకి పంపాలి. ఇవి వీడియో చూస్తే అర్థమవుతాయిగానీ, చేతికి రావాలంటే నలుగురితో కలిసి చేసి ఉండాలి.

మరి క్లబ్బులు ఏం చెయ్యొచ్చు? నా అభిప్రాయం చెప్తాను. ఇంట్లో దొరికేదాన్నే క్లబ్బులో పెడితే ఎవరూ రారు. మినిట్స్ చదవడం, ఉపన్యాసం, టీ, గ్రూప్ ఫోటో, దీనికోసం ఆదివారం పూట ట్రాఫిక్‌లో గంట ప్రయాణం ఎవరు చేస్తారు చెప్పండి? ఇంట్లో కుదరని పని పెట్టాలి. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద తీగ కట్టనివ్వక బాధపడే కుర్రాళ్లు బోలెడుమంది ఉన్నారు. వాళ్ల చేత క్లబ్బులో యాంటెన్నా కట్టించండి. ఫాక్స్ హంట్ పెట్టండి. అంటే ఒక చిన్న ట్రాన్స్‌మిటర్‌ని ఎక్కడో దాచి, సిగ్నల్ దిక్కు పట్టుకుంటూ వెతికే ఆట. పిల్లలు దీనికి పరిగెత్తుకుంటూ వస్తారు. ఏటా అక్టోబర్‌లో స్కౌట్స్ జరుపుకునే జంబోరీ ఆన్ ది ఎయిర్‌కి దగ్గర్లోని బడిని పిలవండి. తుఫాన్ల కాలం రాకముందే ఒక పూట కరెంటు లేకుండా, బ్యాటరీ మీద మాత్రమే నెట్ నడిపి చూడండి.

లైసెన్స్ తీసుకుని గ్రూపులో మాత్రమే ఉన్నవాళ్లకి కూడా ఒక మాట. మీకు రాని విషయం నేర్చుకోవడానికి క్లబ్బుకి వెళ్లక్కర్లేకపోవచ్చు. కానీ మీకు వచ్చింది చూపించడానికైనా వెళ్లండి. సీనియర్లలో చాలామంది పెద్దవాళ్లయిపోతున్నారు. వాళ్ల చేతివిద్య ఇంకా ఏ వీడియోలోకీ ఎక్కలేదు. పక్కన కూర్చుంటే తప్ప అది మనకి అందదు.

ఈ వారానికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో ఇంటి దగ్గర దొరికే మామూలు రాగి తీగతో 7 మెగాహెర్ట్జ్ యాంటెన్నా ఎలా కట్టాలో కొలతలతో సహా చూద్దాం. వీలైతే ఇంకో ఇద్దర్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి, ఎందుకంటే కట్టడానికి ముగ్గురు కావాలి.